ఒడయార్లకు మైసూరు తిరిగి దక్కింది ఒకసారి కాదు, రెండుసార్లు

"టిప్పు ఓడిపోయాడు కాబట్టి ఇంగ్లీషువాళ్లు మైసూరు రాజవంశమైన ఒడయార్లను గద్దె ఎక్కించారు. వాళ్ల తరఫున ప్రయత్నించినవాళ్లే లేరా?" అన్నది ప్రశ్న. ఎందుకు లేరు! నాది అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో. ఊరి నుంచి చుట్టాలెవరు వచ్చినా కె.ఆర్. మార్కెట్ దగ్గరి టిప్పు వేసవి ప్యాలెస్ చూపించే బాధ్యత నాదే. ఈ చరిత్ర మీద ఆసక్తి అలా పట్టుకుంది.

1761లో అధికారం చేజిక్కించుకున్న టిప్పు తండ్రి హైదర్ అలీ రాజవంశాన్ని తుడిచిపెట్టలేదు. దసరాకు రాజును జనానికి చూపించి, మిగతా ఏడాదంతా పక్కన పెట్టేవాడు. 1766లో చనిపోయిన రెండో కృష్ణరాజు భార్య లక్ష్మమ్మణ్ణి మాత్రం ఊరుకోలేదు. తిరుమలరావు, నారాయణరావు అనే అన్నదమ్ముల ద్వారా మద్రాసులోని ఈస్టిండియా కంపెనీవాళ్లతో రహస్య రాయబారాలు నడిపింది. 1782లో తంజావూరులో ఒప్పందమూ కుదిరింది. రెండేళ్లు తిరగకుండానే కంపెనీ టిప్పుతో సంధి చేసుకుంది, ఒప్పందం అటకెక్కింది.

1799 మే 4న టిప్పు రాజధాని శ్రీరంగపట్నం పడిపోయింది. జూన్ 30న ఐదేళ్ల మూడో కృష్ణరాజుకు పట్టం కట్టారు. ఇది రాణి పట్టుదల ఫలితమంటే సగమే ఒప్పుకుంటాను. రాజ్యమంతా కంపెనీ, నిజాం పంచుకుంటే నిజాం బలిసిపోతాడు, మరాఠాలు మండిపడతారు. గవర్నర్ జనరల్ వెల్లస్లీకి మధ్యలో ఒక పసిరాజు ఉండడమే లాభం, పైగా ఏటా 7 లక్షల వరహాల రాబడి. దివానుగిరీ కూడా తిరుమలరావుకు దక్కలేదు, నిన్నటిదాకా టిప్పు కొలువులో ఉన్న పూర్ణయ్యకు దక్కింది! మా సీమ కథా ఈ పంపకాల్లోనే ఉంది. 1792, 1799లలో నిజాంకు వచ్చిన ప్రాంతాలే 1800లో కంపెనీకి చేరి దత్తమండలాలయ్యాయి.

అసలు ఉద్యమం అనదగ్గది రెండోసారి జరిగింది. 1831లో నగర అనే ప్రాంతపు రైతుల తిరుగుబాటు సాకుతో గవర్నర్ జనరల్ బెంటింక్, రాజు చేతిలోంచి పాలన లాగేసుకున్నాడు. రాజుకు బదులు పాలించే బ్రిటిష్ కమిషనర్ కచేరీ బెంగళూరుకు మారి, ఈ టిప్పు ప్యాలెస్‌లోనే కొలువుదీరింది. 1868లో అఠారా కచేరీ (ఇప్పటి హైకోర్టు భవనం) సిద్ధమయ్యేదాకా ఆ టేకు స్తంభాల మధ్యే గుమాస్తాలు దస్త్రాలు రాసుకున్నారు. ఈ సంగతి చెబితే మా మామయ్య, "ఇల్లు ఒకడిది, రాజ్యం ఇంకొకడిది, పెత్తనం మూడోవాడిదా!" అన్నాడు.

కృష్ణరాజు కత్తి పట్టలేదు, అర్జీలు పట్టాడు. మూడు దశాబ్దాలకు పైగా విసుగు లేకుండా రాస్తూనే ఉన్నాడు. 1865లో చామరాజేంద్రుణ్ణి దత్తత తీసుకుంటే, వారసుడిగా గుర్తించడానికి కలకత్తాలోని బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ఒప్పుకోలేదు. లండన్‌లో మాజీ సైనికాధికారి ఇవాన్స్ బెల్ లాంటివాళ్లు రాజు పక్షాన వాదించారు. దత్తతలను కాదంటే ఏమవుతుందో 1857 తిరుగుబాటులో చూసినవాళ్లు కదా, చివరికి 1867లో లండన్ ప్రభుత్వమే దిగివచ్చింది. పిల్లవాడు పెద్దయ్యాక రాజ్యం అప్పగిస్తామంది. మరుసటి ఏడాదే ముసలిరాజు కన్నుమూశాడు.

1881 మార్చి 25న చామరాజేంద్రుడికి పాలనాధికారం వచ్చింది, దాంతోపాటు షరతులూ వచ్చాయి. ఏటా కట్టాల్సిన కప్పం 24.5 లక్షల రూపాయల నుంచి 35 లక్షలకు పెంచాలని రాసుకున్నారు, అదీ ఘోరమైన కరువు దాటిన కొద్దికాలానికే. కోట కట్టాలన్నా అనుమతి తీసుకోవాలి. బెంగళూరు కంటోన్మెంటును విడిగా అట్టిపెట్టుకున్నారు. ఇప్పటి శివాజీనగర్, హలసూరు వైపు పాలన 1947 దాకా బ్రిటిష్‌వాళ్లదే.