వద్దన్నా కుకీ పడుతోందేం?

ప్రశ్న: జర్మనీకి పచ్చళ్లు పంపే మా సైట్‌లో కుకీల అనుమతి అడిగే బ్యానర్ మీద ‘వద్దు’ నొక్కినా అనలిటిక్స్ కుకీ (సందర్శకుల లెక్క కోసం బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారం) పడుతోంది. ఎందుకండీ?

జవాబు: బ్యానర్ కన్నా ముందే అనలిటిక్స్ ట్యాగ్ (లెక్కలు పంపే చిన్న కోడ్) నడిచిపోతోంది, చాలాసార్లు ఇదే కారణం. ట్యాగ్‌లు ఎప్పుడు నడవాలో చూసే గూగుల్ ట్యాగ్ మేనేజర్‌లో బ్యానర్ ట్యాగ్‌ను అన్నిటికన్నా ముందు నడిచే ‘కన్సెంట్ ఇనిషియలైజేషన్’ ట్రిగ్గర్‌కి మార్చండి. అనలిటిక్స్ స్టోరేజ్, యాడ్ స్టోరేజ్, యాడ్ యూజర్ డేటా, యాడ్ పర్సనలైజేషన్ అనే అనుమతులు నాలుగూ మొదట ‘డినైడ్’ (అనుమతి లేదు)గా ఉండాలి. బ్యానర్ ఆలస్యంగా లోడైతే ‘వెయిట్ ఫర్ అప్‌డేట్’ (బ్యానర్ జవాబు కోసం ట్యాగ్ ఆగే సమయం) 500 మిల్లీసెకన్లు ఇవ్వండి. పరీక్ష ఇన్‌కాగ్నిటోలోనే చేయండి, పాత కుకీలు మోసం చేస్తాయి.

‘వద్దు’ తర్వాతా రిక్వెస్ట్ వెళ్తోందా? కంగారొద్దు, గూగుల్ కన్సెంట్ మోడ్ (అనుమతిని బట్టి ట్యాగ్‌లను నడిపే ఏర్పాటు) అడ్వాన్స్‌డ్ పద్ధతిలో కుకీ లేని సంకేతం వెళ్తుంది. అందులో అనుమతి స్థితిని చెప్పే జీసీఎస్ (gcs) విలువ జీ100 (G100, అంటే అనుమతి లేదు) ఉండాలి. అదీ వద్దనుకుంటే ట్యాగ్‌కు అనలిటిక్స్ స్టోరేజ్ అనుమతి తప్పనిసరి చేసి, ‘సరే’ నొక్కినప్పుడు బ్యానర్ పంపే ఈవెంట్‌ను ట్రిగ్గర్‌గా కలపండి. లేకుంటే మొదటి పేజీ లెక్కలోకి రాదు.