మార్క్విస్ ద్రవం నల్లబడినంత మాత్రాన నిర్ధారణ కాదు

నమస్కారమండీ. మీ అబ్బాయి గదిలో దొరికిన మాత్ర పొడిపై మార్క్విస్ ద్రవం (మత్తుమందులను రంగు మార్పుతో పసిగట్టే రసాయనం) వేస్తే ఊదారంగు వచ్చి నల్లబడిందనీ, అందులో ఎండీఎంఏ (ఎక్స్‌టసీ అనే మత్తుమందు) తప్ప మరేమీ లేదని నమ్మవచ్చా అనీ అడిగారు. నమ్మకూడదు. ఆ రంగు ఎండీఎంఏ ఉండవచ్చని సూచిస్తుందే తప్ప ఎంత ఉందో, ఇంకేమి కలిపారో చెప్పదు. పైగా హెరాయిన్, మార్ఫిన్‌లకు కూడా ఊదారంగే వస్తుంది. యాంఫెటమిన్ అనే ఉత్తేజక మందు ఇచ్చే నారింజరంగు ఉన్నా, ఈ ముదురు రంగు దానిని కప్పివేస్తుంది. రంగును మొదటి నిమిషంలోనే చూడాలి, ఎందుకంటే ఆ తరువాత ద్రవంలోని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లమే మాత్రలోని చక్కెరను మాడ్చి నల్లబరుస్తుంది. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఫెంటానిల్ అనే అతి శక్తిమంతమైన మత్తుమందు: 2 మిల్లీగ్రాములు కూడా ప్రాణం తీయగలవు, అంత కొద్ది మోతాదు ఈ పరీక్షలో బయటపడదు.

కచ్చితమైన గుర్తింపు ప్రయోగశాలలో పదార్థాలను విడదీసే గ్యాస్ క్రొమటోగ్రఫీ, వాటిని గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ వంటి పద్ధతులతోనే సాధ్యం. మార్క్విస్ ద్రవంలో ఫార్మాల్డిహైడ్ అనే విషపదార్థం కూడా ఉంటుంది కనుక చేతితొడుగులు, కళ్లద్దాలు లేకుండా దయచేసి మళ్లీ ముట్టుకోకండి. అబ్బాయితో ఎలా మాట్లాడాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి సహాయ సంఖ్య 14446కు ఫోన్ చేయండి. ఒళ్లు కాలిపోతున్నా, ఊపిరి మందగించినా వెంటనే 108ని పిలవండి.