ఎక్కడానికి బస్సు, దిగడానికి కాళ్ళు

బుజ్జీ,

అమ్మానాన్నల్ని తీసుకుని ఇటలీ వెళ్తున్నావని మీ పెద్దమ్మ చెప్పింది. ఫ్లోరెన్స్‌లో రెండు రోజులే ఉంటారటగా. లిస్టు రాసుకుని ఊరంతా పరుగులు పెట్టించకు వాళ్ళని. ఒక పూట నా మాట విను. మీ అక్క అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో మేం మూడు వేసవులు ఆ ఊళ్ళో గడిపాం. కొండమీది సాన్ మినియాతో చర్చి నుంచి ఏటి ఒడ్డున ఉన్న గెలీలియో మ్యూజియం దాకా ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. దూరం ఒకటిన్నర కిలోమీటరు, అటూ ఇటూ. గబగబా నడిస్తే అరగంట పట్టదు. మీరు మాత్రం పొద్దున్న తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి సాయంత్రం దాకా లాగండి.

ముందు ఒక సంగతి. కొండ నడిచి ఎక్కొద్దు. మీ నాన్న మోకాళ్ళ సంగతి నాకు తెలుసు, పైగా నొప్పి అని నోరు విప్పి చెప్పే మనిషి కాదు. బస్సెక్కండి, మేమున్నప్పుడు 12, 13 నంబరు బస్సులు చర్చి మెట్ల దగ్గర దింపేవి. ఆ మెట్లు ఎక్కక తప్పదు, కానీ వెడల్పుగా ఉంటాయి, మధ్యలో నిలబడి ఊపిరి పీల్చుకోవచ్చు. దిగడం తేలికనుకుని అసలు సంగతి మర్చిపోకు. మోకాలికి దిగుడే ఎక్కువ శిక్ష. చేతికర్ర ఉంటే తెచ్చుకోమను, సిగ్గుపడితే నా పేరు చెప్పు. చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి. ఆ ఊరి రాళ్ళు వందల ఏళ్ళు తొక్కించుకుని నున్నగా అరిగాయి. వాన పడితే సబ్బు పూసినట్టే.

పొద్దున్నే వెళ్ళమనడానికి ఇంకో కారణం ఉంది. చర్చి ముందు నిలబడితే ఊరు నీకు వాయవ్యంగా ఉంటుంది. పొద్దున సూర్యుడు నీ వెనక ఉంటాడు, ఆ వెలుగులో గోపురాల ఎర్రపెంకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడతాయి. జనమంతా సాయంత్రం సూర్యాస్తమయానికి కింద ఉన్న పియాజలే మికెలాంజెలో అనే మైదానానికి ఎగబడతారు. 1869లో ఆర్కిటెక్ట్ జుసెప్పె పొజ్జి కట్టించింది అది. అప్పట్లో ఇటలీ దేశానికి ఫ్లోరెన్సే రాజధాని. మధ్యలో డేవిడ్ విగ్రహానికి కంచు నకలు, చుట్టూ టూరిస్టు బస్సులు, సెల్ఫీ కర్రలు. ఒక్క ఫోటో తీసుకుని వచ్చేయండి. చర్చి ముందు నుంచి కనబడేదే నాకు మెరుగు, అక్కడ మాట్లాడుకుంటే ఒకరి మాట ఒకరికి వినబడుతుంది.

చర్చి కట్టడం 1018లో మొదలైంది. ముందుగోడంతా తెల్ల, ఆకుపచ్చ పాలరాళ్ళు. శిఖరాన ఒక గద్ద ఉంటుంది చూడు, అది బట్టల వర్తకుల సంఘం గుర్తు. ఖర్చు పెట్టింది వాళ్ళు, గుర్తు పెట్టుకున్నదీ వాళ్ళే. మినియాస్ అనే ఆయన్ని మూడో శతాబ్దంలో రోమన్లు తల నరికితే, తెగిన తల చేత్తో పట్టుకుని ఏరు దాటి ఈ కొండ ఎక్కాడని కథ. తల లేకుండా ఎక్కాడు కాబట్టి సరిపోయింది, ఉంటే బస్సెక్కేవాడు అంది మీ పెద్దమ్మ.

లోపలికి వెళ్ళేటప్పుడు భుజాలు కప్పుకోవాలి, చున్నీ బ్యాగులో పెట్టుకో. వెళ్ళగానే పైకి చూడకు, అందరూ చేసే పని అదే. కింద చూడు. నేలమీద తెల్లరాయిలో నల్లరాయి పొదిగి రాశిచక్రం చెక్కారు. మేషం నుంచి మీనం దాకా పన్నెండూ ఉన్నాయి, మీ అమ్మని తన రాశి వెతుక్కోమను. దాని మీద 1207 అని ఏడాది వేశారు. వేసవిలో పొద్దు బాగా పెరిగే రోజున, అంటే జూన్ 21 ప్రాంతంలో, మధ్యాహ్నం కిటికీలోంచి ఒక వెలుగు పట్టీ వచ్చి సరిగ్గా కర్కాటక రాశి మీద పడుతుంది. ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పిన నాకు ఆ నేల దగ్గరే గంటసేపు కాలక్షేపం అవుతుంది. మీకు పది నిమిషాలు చాలు. అక్కడి నుంచి నేలమాళిగలోకి దిగండి, చర్చిలో పాత భాగం అదే. సన్నటి స్తంభాలు, చల్లటి గాలి. తెల్లబట్టల సన్యాసులు సాయంత్రాలు అక్కడ ప్రార్థన పాడతారు. వాళ్ళ దుకాణంలో తేనె అమ్ముతారు. కొనాలనిపిస్తే చిన్న సీసా కొను, రోజంతా మోయాల్సింది నువ్వే.

మధ్యాహ్నం చర్చి కొన్ని గంటలు మూస్తారు, కాబట్టి పదకొండున్నరకల్లా మెట్లు దిగడం మొదలుపెట్టండి. దిగగానే అడ్డం వచ్చే రోడ్డు పేరు ఏమిటో తెలుసా, వియాలె గెలీలియో! మనం వెళ్ళేది ఎవరి దగ్గరికో ఆయన పేరే. ఆయన చివరి ఏళ్ళు గృహనిర్బంధంలో గడిపి, 1642లో కళ్ళు కనబడని స్థితిలో పోయిన ఆర్చెత్రి కొండ కూడా ఈ పక్కనే. భూమి తిరుగుతోందన్నందుకు ఆ శిక్ష.

రోడ్డు దాటాక కిందికి సరుగుడు చెట్లలాంటి సైప్రస్ చెట్ల మధ్య మెట్లదారి ఉంది. సైడుకి శిలువలు కనబడతాయి. ఈ దారే పట్టండి, కార్ల రోడ్డు వెంట పోకండి. మెట్లు చిన్నవీ, పొడుగువీ, వాలుగా ఉన్నవీ కలిసిపోయి ఉంటాయి. ఒక అడుగు వేసి రెండో అడుగు ఎక్కడ పెట్టాలో చూసుకునేలోపే రిథమ్ తప్పుతుంది. నాన్నకి నువ్వు ఎడమపక్కన నడువు, చెయ్యి పట్టుకోవద్దు, అందేంత దగ్గరలో ఉండు చాలు. దారి మధ్యలో గులాబీ తోట గేటు వస్తుంది. లోపలికి టికెట్ లేదు. జాన్ మిషెల్ ఫొలోన్ అనే బెల్జియం శిల్పి చేసిన కంచు బొమ్మలున్నాయి అందులో. వాటిలో ఒకటి పెద్ద సూట్‌కేసు, లోపల డొల్ల, చట్రం మాత్రమే. దాని వెనక నిలబడితే ఊరంతా ఆ పెట్టెలో సర్దినట్టు ఉంటుంది. అమ్మానాన్నల్ని అక్కడ బెంచీమీద కూర్చోబెట్టి ఒక ఇరవై నిమిషాలు ఏమీ చేయకండి.

దిగిపోతే పాత ప్రాకార ద్వారం, దాటితే సాన్ నికోలో పేట. భోజనం ఇక్కడే. బార్ అని బోర్డు చూసి మీ నాన్న మొహం మాడ్చుకుంటాడేమో, అది మన బార్ కాదు, కాఫీ హోటల్ అని చెప్పు. నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు. కాఫీ తాగి బాత్‌రూమ్ వాడుకోవచ్చు, ఈ ఊళ్ళో పెద్దవాళ్ళకి ఇది అన్నిటికన్నా పనికొచ్చే సమాచారం. రిబొల్లీతా అని చిక్కుడుగింజలూ ఆకుకూరా రొట్టెముక్కలూ వేసి ఉడికించిన చిక్కటి సూప్ ఉంటుంది. మాంసం వేశారేమో ఒకసారి అడిగి తీసుకో. ఆ ప్రాంతపు రొట్టెలో ఉప్పు వేయరు. మొదటిరోజు నేను మర్చిపోయారేమో అనుకున్నాను. ఆవకాయ సీసా బ్యాగులో ఉంటే మీ నాన్న ఫ్లోరెన్స్‌ని జీవితంలో మర్చిపోడు.

తిన్నాక వీధుల్లో నడుస్తూ గోడలు గమనించు. 1966 నవంబరు 4న ఆర్నో నది ఊరి మీద పడింది. నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయో గీతలు కొట్టి పలకలు పెట్టారు. మీ నాన్నని ఒక పలక పక్కన నిలబెట్టు, గీత ఎక్కడుందో చూడు. గ్రాజియె వంతెన దాటండి. పాత వంతెనను 1944లో వెనక్కి పోతూ జర్మన్లు పేల్చేశారు, ఏటి మీది పాత వంతెనల్లో పొన్తె వెక్యో ఒక్కటే మిగిలింది, ఇది తర్వాత కట్టుకున్నది. దాటి ఎడమకి తిరిగితే ఏటి పక్కనే మ్యూజియం. ఆ వరదలో ఇక్కడికీ నీళ్ళొచ్చాయి. అప్పటి డైరెక్టర్ మరియా లూయిసా రిగీనీ బొనెల్లి గెలీలియో టెలిస్కోపుల్ని చేతుల్లో పట్టుకుని భవనం అంచుల మీదుగా పక్కనున్న ఉఫీజీ అనే చిత్రాల మ్యూజియానికి చేర్చిందని చెబుతారు.

ఇప్పుడు నా తెలివితక్కువ కథ. మొదటి ఏడాది మీ పెద్దమ్మని ఇలాగే ఊరించి, కొండంతా దింపి, రెండున్నరకి తలుపు దగ్గరికి తీసుకొచ్చాను. మూసి ఉంది. మంగళవారం ఒంటిగంటకే మూసేస్తారని బోర్డు మీద పెద్దక్షరాలతో ఉంది, ముందురోజు చూసుకోవాల్సింది నేనే. ఆవిడ ఏమీ అనలేదు. హోటల్ దాకా ఏమీ అనలేదు. అది ఇంకా కష్టం.

లోపల గదులన్నీ తిరగనక్కర్లేదు. మూడు చాలు. ఒకటి, గెలీలియో టెలిస్కోపులోని పగిలిన కటకం, అంటే లెన్సు. దంతపు చట్రంలో బిగించి ఉంటుంది, వెడల్పు నాలుగు సెంటీమీటర్లకి కాస్త తక్కువ. 1610 జనవరిలో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చంద్రుళ్ళని ఆయన చూసింది దీనితోనే. పొద్దున చర్చి నేలమీద మీరు చూసిన ఆకాశాన్ని తిరగరాసింది ఈ గాజుముక్కే. రెండు, గాజు గుడ్డులో నిలబెట్టిన ఆయన కుడిచేతి మధ్యవేలు. 1737లో అస్థికలు సాంతా క్రోచె చర్చిలో పెద్ద సమాధికి మారుస్తుంటే అభిమానులు తీసిపెట్టుకున్నారు. మీ అమ్మ ముఖం తిప్పుకుంటుంది, బలవంతం చేయకు. మూడోది ఏటవాలు బల్ల. దాని మీద చిన్న గంటలు దూరదూరంగా అమర్చి ఉంటాయి: ఒకటి, మూడు, అయిదు, ఏడు వంతుల ఎడంతో. గుండు దొర్లితే దూరం పెరుగుతూ పోతుంది, గంటల మోత మాత్రం సమాన వ్యవధిలో వినబడుతుంది. త్వరణం అంటే అదే. ఇంటర్లో మీ నాన్నకి నేనే చెప్పాను, అప్పుడు ఎక్కలేదు. పొద్దుట్నుంచి తను దిగొచ్చిందీ వాలే కాబట్టి ఈసారి ఎక్కుతుందేమో చూడు.

టికెట్లు బుక్ అయ్యాక ఏ రోజు కొండెక్కుతున్నారో నాకు వాట్సాప్ చెయ్. మంగళవారమని కనబడితే వెంటనే ఫోన్ చేస్తాను.

మీ పెదనాన్న