లక్షా పదిహేను వేల సైకిల్, చెప్పని పదివేలు

ప్రశ్న: మేడం, నా వయసు 49. విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాం, గవర్నర్‌పేటలో ఆఫీసు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నా స్కూటర్ నాలుగు రోజులు నీళ్లలో నానింది. మూడుసార్లు బాగు చేయించి, చివరికి వచ్చిన రేటుకి ఇచ్చేశాను. అప్పటి నుంచి ఆటోలే, రోజుకి 120 రూపాయలు. చిన్నప్పుడు మా ఊళ్లో అద్దె సైకిల్ మీద నేర్చుకున్న సరదా ఇంకా పోలేదు. కానీ నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. షాపుల్లో లేడీస్ సైకిల్ ఏది తొక్కి చూసినా భుజాలు, మణికట్లు పట్టేస్తాయి. బెంగుళూరులో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు, మనిషి కొలతలు తీసుకుని సైకిల్ తయారుచేసే ఒకాయన్ని కలిశాను. లక్షా పదిహేను వేలవుతుందన్నారు. నా దగ్గర చీటీ డబ్బులున్నాయి. ఇంట్లో చెబితే మా వారు నవ్వారు. ‘ఆ డబ్బుకి స్కూటరే వస్తుంది. సైకిల్ మీద ఆఫీసుకెళితే అప్పులపాలయ్యామనుకుంటారు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, గుర్తుందా?’ అన్నారు. మా అత్తగారైతే మాట్లాడటమే మానేశారు. మా మామగారు సైకిల్ మీద బట్టల మూటలేసుకుని ఊరూరా తిరిగి అమ్మి పిల్లల్ని చదివించారట. ‘మా నాన్న తొక్కింది మేం తొక్కకూడదనే’ అని కూడా మా వారు అన్నారు. ఆయనకి చెప్పకుండా పదివేలు అడ్వాన్సు ఇచ్చేశాను. నెలాఖరుకి డ్రాయింగు మీద సంతకం పెట్టి సగం డబ్బు పంపాలి. నాది పిచ్చా? ఆర్డరివ్వనా, మానెయ్యనా?
– పేరు వద్దు, విజయవాడ

జవాబు: పిచ్చి కాదమ్మా. ఇవ్వండి. కాకపోతే ఈ నెలాఖరుకి కాదు, ఇంట్లో పదివేల సంగతి చెప్పకుండా అసలు కాదు. ముందు ఆ పదివేల సంగతే తేల్చుకుందాం, సైకిల్ దానికంటే సులువు.

అడ్వాన్సు ఇచ్చినందుకు నేనేమీ అనను. మీ జీతం, మీ చీటీ. అదే డబ్బు పెట్టి ఓ సన్నని గొలుసు చేయించుకుని ఉంటే మీ అత్తగారు పక్కింటావిణ్ణి పిలిచి మరీ చూపించేవారు. బంగారమైతే ఇంటి సొమ్ము, సైకిలైతే ఆడదాని సరదా. ఆ లెక్క మీ ఒక్క ఇంట్లోదే కాదు. కానీ మీరు దాచారు. దాచిన డబ్బు బయటపడ్డ రోజున ఎంత అని ఎవరూ అడగరు, ఇంకా ఏమేం దాచావని అడుగుతారు. రేపు పార్శిల్ ఆఫీసు వాళ్ల ఫోను మీ వారెత్తారనుకోండి, ఇక ఆ సైకిల్ గోడకి ఆనించి ఉన్నన్నాళ్లూ ‘నాకు చెప్పకుండా కొన్న సైకిల్’ గానే ఉంటుంది. ఈ వారంలోనే చెప్పేయండి. అన్నాలయ్యాక, అత్తగారు పడుకున్నాక, టీవీ కట్టేసి. ‘ఏవండీ, ఆ సైకిలాయనకి పదివేలిచ్చాను. మీరు నవ్వేసరికి చెప్పబుద్ధి కాలేదు. చెప్పకపోవడం నాదే తప్పు’ అనండి. అక్కడితో ఆపండి. ‘మీరు మాత్రం ఆ రోజున...’ అని మొదలుపెట్టారో, పాతికేళ్ల జమాఖర్చులు బయటికొచ్చి తెల్లారిపోతుంది.

ఇక మీ వారి మాట. ‘మా నాన్న తొక్కింది మేం తొక్కకూడదనే.’ ఆ మాట రాసి, ఊపిరి కూడా తీసుకోకుండా అడ్వాన్సు సంగతిలోకి వెళ్లిపోయారు మీరు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. మీకు సైకిలంటే అద్దె షాపు ముందు చిల్లర పట్టుకుని నిలబడ్డ పన్నెండేళ్ల పిల్ల, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి అర తొక్కుడు తొక్కిన రోజులు. ఆయనకి సైకిలంటే తెల్లారకముందే వాకిట్లో మూట కట్టుకునే తండ్రి, సాయంత్రం ఆ మూట ఎంత తగ్గిందో కళ్లతోనే తూచే తల్లి. ఆ తల్లి ఇప్పుడు మీతో మాట్లాడటం మానేసిన అత్తగారే. వాళ్లు సైకిల్ దిగడానికి ఒక తరం పట్టింది. కోడలు లక్ష పోసి మళ్లీ ఎక్కుతానంటే నవ్వక ఏం చేస్తారు? ఆ నవ్వు మిమ్మల్ని చూసి వచ్చింది కాదనే నా అనుమానం.

అందుకే లెక్కలతో వాదించొద్దు. ఉత్తరంలో ఆటో ఖర్చు రాశారంటే ఇప్పటికే వాదించి ఉంటారు. రోజుకి 120, నెలకి 24 రోజులు, అంటే 2,880. నలభై నెలలకి సైకిల్ డబ్బులు వచ్చేస్తాయి. కాగితం మీద బాగానే ఉంది. కానీ వానల్లో, ఏప్రిల్, మే ఎండల్లో మీరు ఆటోనే ఎక్కుతారు, ఎక్కాలి కూడా. విజయవాడ మే నెలలో నాలుగైదు కిలోమీటర్లు తొక్కి ఆఫీసులో కూర్చోమని నేను చెప్పను. కాబట్టి నలభై కాదు, అరవై నెలలు. ఈలోగా ఆయన ఎలక్ట్రిక్ స్కూటర్ లెక్క తీస్తారు, గెలుస్తారు. ఇంకోటి కూడా తెలుసుకుని దిగండి. మీ కొలతకి చేసిన సైకిల్ ఇంకెవరికీ సరిపోదు. అమ్మబోతే సగం ధర కూడా రాదు. ఇది లాభానికి కొనే వస్తువు కాదు. ‘నాకు కావాలి, నా డబ్బు పెట్టుకుంటాను’ అన్నదే మీ దగ్గరున్న నిజమైన కారణం. అది చాలు.

సంబంధాల సంగతి. పెళ్లికొడుకు తల్లి వాకిట్లో సైకిల్ చూసి వెనక్కి పోతే పోనివ్వండి అనడం నాకు తేలికే, పెళ్లి మా ఇంట్లో కాదుగా. ఎవరైనా అడిగితే ‘బెంగుళూరులో నా కొలతకి చేయించుకున్నాను’ అనండి, ధర మాత్రం చెప్పకండి. ధర చెబితే పిచ్చిదంటారు, చెప్పకపోతే డబ్బుల్లేవంటారు. రెండోది నాలుగు రోజుల్లో మర్చిపోతారు.

ఇప్పుడు సైకిల్. ఈ విషయంలో నేను కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఓర్చుకోండి. గుడివాడలో మా నాన్నది సైకిల్ షాపు. పదేళ్లొచ్చేదాకా గాలి నింపిన ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో చూసి, అక్కడ వేలు పెట్టి పట్టుకోవడం నా పని. నాన్న వచ్చి ఆ వేలి పక్కన పెన్సిలుతో గీత గీసేవాడు. షాపుకి పొట్టి మనుషులు ఎవరొచ్చినా సీటు కిందికి దింపి పంపేసేవాడు. అంతకు మించి చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. సీటు దిగుతుంది గానీ హ్యాండిల్ దగ్గరికి రాదు కదా! మీ భుజాలు పట్టేస్తున్నది అందుకే. పొరుగున తమిళనాట పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు పల్లెటూరి ఆడవాళ్లకి సైకిల్ కూడా నేర్పారు. అప్పటి కలెక్టరు కూడా ఆడమనిషే, షీలా రాణీ చుంకత్. వేలమంది నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు చాలక చాలామంది మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. వాళ్లు సర్దుకున్నారు. మీకు సర్దుకోనక్కర్లేని అవకాశం వచ్చింది, దాన్ని సరిగ్గా వాడుకోండి.

టైలరు దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లం, కొలత జాకెట్టు పట్టుకెళ్తాం. ‘ఇక్కడ బిగువు, ఇక్కడ వదులు’ అని చూపిస్తాం. సైకిల్‌కీ అంతే. మీరు తొక్కి ఇబ్బంది పడిన సైకిల్ ఒకటి దొరికితే, సీటు ముందు కొస నుంచి హ్యాండిల్ దాకా టేపు పెట్టి ఎన్ని సెంటీమీటర్లో రాసుకోండి. ‘ఇంత దూరమైతే నాకు భుజం నొప్పి’ అని ఆయనకి చెప్పండి. మీ కాలి కొలత ఇంట్లో మళ్లీ తీయండి. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, లావు పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పైదాకా ఆనించి, నేల నుంచి పుస్తకం పై అంచు వరకు. ఆయన రాసుకున్న అంకెతో తేడా వస్తే ఫోన్ చెయ్యండి.

డ్రాయింగులో మొదట చూడాల్సింది ముందు చక్రం. పొట్టివాళ్లకి ఫ్రేము చిన్నది చేసి చక్రం మాత్రం పెద్దదే ఉంచితే, సందు మలుపులో నెమ్మదిగా తిరిగేటప్పుడు చెప్పు కొస చక్రానికి తగులుతుంది. వేగంగా పోయేటప్పుడు తెలీదు, నెమ్మదిగా తిరిగినప్పుడే పడేస్తుంది. ‘నా చెప్పుకీ టైరుకీ మధ్య ఎంత ఖాళీ ఉంటుంది?’ అని అడగండి. చిన్న చక్రమే పెట్టమనండి, కానీ ఆ సైజు టైరు, ట్యూబు విజయవాడలో మీ పంక్చర్ షాపతని దగ్గర దొరకాలి. ఇక్కడొక తిరకాసుంది. 26 సైజని ఒకటికి మించి రకాలుంటాయి. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఒకదాని మీద 559 అని, ఇంకోదాని మీద 590 అని ఉంటుంది. చూడటానికి ఒకలాగే ఉంటాయి, ఒకదాని టైరు ఇంకోదాని రిమ్ముకి ఎక్కదు. మా షాపులో ఈ గొడవ లేని వారం లేదు. ఆ మూడంకెల నంబరు ఆర్డరు కాగితం మీద రాయించుకోండి.

గేర్లు మీకు కావాలి, సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఉందిగా. అయితే పళ్ల చక్రాలు ఏడూ ఎనిమిదీ బయటికి వేలాడే గేర్లు వద్దు. వెనక చక్రం మధ్యనుండే హబ్బులోనే ఇమిడిపోయే మూడు గేర్లు చాలు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు కూడా మార్చుకోవచ్చు. చైనుకి పూర్తి కవరు పెట్టించుకోవచ్చు కాబట్టి చున్నీకి, చీర కుచ్చిళ్లకి గ్రీజు అంటదు. దాని ఇబ్బంది కూడా చెబుతాను. ఆ హబ్బు విప్పడం మామూలు షాపులో అందరికీ రాదు, నీళ్లలో మునిగితే స్కూటర్ గతే. మీ ఇంటికి మేడ మెట్లున్నాయా? ఉంటే సైకిల్ ఎన్ని కిలోలు తూగుతుందో అడిగి, మీరే పైకి మోసుకెళ్లగలరో లేదో చూసుకోండి. వరద చూసిన వాళ్లకి నేను చెప్పేదేముంది. ఫ్రేము ఉక్కుదే తీసుకోండి. కిందకి వంచిన కడ్డీ, వెనక చక్రానికి చీర పడకుండా జాలీ, ఇవి ఎలాగూ అడిగి ఉంటారు.

సంతకం ఈ నెలాఖరుకి ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. పదకొండేళ్ల కిందట నేను బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేయించుకున్నాను. ఒకే పనస దుంగలోంచి తొలిచిన ఏకాండి వీణ. నెలల తరబడి ఎదురుచూశాను, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఇప్పుడది మా హాల్లో గుడ్డ కప్పుకుని ఉంటుంది, వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. అంతకుముందు ఓ మూడు నెలలు ఎవరిదైనా పాత వీణ అడిగి తెచ్చుకుని వాయించి ఉంటే, నాకు కావాల్సింది వీణో, వీణ ఉన్న ఇల్లో తెలిసిపోయేది.

మీరు ఆ పని చెయ్యండి. మీ అమ్మాయిదో, పక్కింటి పిల్లదో పాత సైకిల్ ఏదైనా సరే, మూడు వారాలు దాని మీద ఆఫీసుకి వెళ్లండి. భుజాలు నొప్పెడతాయి, తెలుసు. నొప్పి ఎక్కువైతే మానేసి, ఆ తేదీ క్యాలెండరులో రాయండి. ఫ్లైఓవర్ మీద దిగి నడిపించుకెళ్లినా తప్పు లేదు. పద్దెనిమిది పనిరోజుల్లో కనీసం పన్నెండు రోజులు తొక్కారా, ఆర్డరివ్వండి. నాలుగైదు రోజులతో ఆగిపోయారా, పదివేలు పోయాయనుకోండి, లక్షా అయిదు వేలు మిగిలాయి. తయారుచేసే ఆయన్ని నెల గడువు అడగండి. ఒకటొకటిగా చేతితో చేసే మనిషికి ఆగడం తెలిసే ఉంటుంది. ఇవ్వనంటే తొందరపడి సగం డబ్బు మాత్రం పంపకండి.

ఈ మూడు వారాల్లో ఒక ఆదివారం పొద్దున ఆరింటికి మీ వారిని తన బండి మీద మీ వెనకే రమ్మనండి. సైకిల్ తొక్కమని కాదు, దారి చూడమని. ఎక్కడ లారీలు దగ్గరగా వస్తాయో, ఎక్కడ గుంటలున్నాయో ఆయనే చెబుతారు. రానంటే మీ అమ్మాయిని తీసుకెళ్లండి, ఇంకో ఆదివారం మళ్లీ అడగండి. ఆయన ఒప్పుకుంటేనే కొనాలని నేననడం లేదు. ఆయనకి తెలిసి కొనాలంటున్నాను, అంతే.

వస్తే, తిరిగొచ్చేటప్పుడు టిఫిన్ దగ్గర ఒక్కటి అడగండి: మామగారు ఆ మూట క్యారేజీకి ఎలా కట్టేవారని. తాడుతోనా, పాత ట్యూబు చీల్చిన రబ్బరుతోనా, ఎన్ని కిలోలుండేదని. ఊసుపోక అడిగినట్టు కూడా ఉండదు. క్యారేజీ ఎంత బరువుకి కావాలో డ్రాయింగులో రాయాలి, మీ ఇంట్లో ఆ లెక్క తెలిసిన మనిషి ఆయనే. ఆయనకి గుర్తు లేకపోతే అత్తగారికి గుర్తుంటుంది.