పీక్స్ మరీ నీట్‌గా వస్తున్నయంటే మోడల్‌లోనే తేడా ఉంది

తమ్ముడూ, 6205 నంబర్ బాల్ బేరింగ్‌కి ఇన్నర్ రేస్ ఫాల్ట్, అంటే లోపలి రింగ్ మీద గుంట, కంప్యూటర్‌ల సిమ్యులేట్ చేస్తే ఎఫ్ఎఫ్‌టీలో (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే లెక్క) పీక్స్ సూదుల్లెక్క నిలబడుతున్నయి, ల్యాబ్‌ల తీసిన సిగ్నల్‌లో అదే చోట ఏమీ కనిపిస్తలేదు, తప్పు మోడల్‌దా సెన్సర్‌దా అని కదా నీ డౌట్. సెన్సర్ జోలికి ఇప్పుడే పోకు. నేను కూడా ఎంటెక్ ప్రాజెక్ట్‌లో ఇక్కడనే మూడు నెలలు ఇరుక్కున్న.

బాల్ గుంట మీదికెళ్లి పోయినప్పుడు ఒక చిన్న దెబ్బ తగుల్తది, ఆ దెబ్బకి హౌజింగ్ తన సొంత ఫ్రీక్వెన్సీలో మోగుతది, అది కిలోహెర్ట్జ్‌లల్ల ఉంటది. గుడి గంటని సెకండ్‌కి ఎన్నిసార్లు కొట్టినా దాని సౌండ్ దానిదే కదా, అట్లనే. అందుకే రియల్ సిగ్నల్‌కి డైరెక్ట్‌గా ఎఫ్ఎఫ్‌టీ కొడితే ఫాల్ట్ ఫ్రీక్వెన్సీ (సెకండ్‌కి ఎన్ని దెబ్బలో ఆ నంబర్) దగ్గర దాదాపు ఏం దొరకదు. రెజొనెన్స్, అంటే ఆ మోగుడు, ఉన్న బ్యాండ్‌ని ఫిల్టర్ చేసి, హిల్బర్ట్ ట్రాన్స్‌ఫామ్‌తో ఎన్వలప్ (మోగుడు పెరిగి తగ్గే పై గీత) తీసి, దానికి ఎఫ్ఎఫ్‌టీ కొట్టు, అప్పుడు బయటపడ్తది.

ఇగ మోడల్ సంగతి. నేను ముందు దెబ్బకీ దెబ్బకీ మధ్య గ్యాప్ సరిసమానంగా పెట్టిన. కానీ బాల్స్ లోపల కొంచెం జారుతయి, ఫార్ములాకీ అసలుకీ ఒకటి రెండు శాతం తేడా మామూలే. కాబట్టి గ్యాప్‌కి ఒక శాతం రాండమ్ కలుపు, కానీ ప్రతి గ్యాప్‌కి విడివిడిగా కలిపి తర్వాత వరసగా కూడుకుంటూ పో. చానామంది ఫిక్స్‌డ్ టైమ్ వేసుకుని దాని చుట్టూ అటూ ఇటూ జరుపుతరు, అట్ల చేస్తే ప్రతి బాల్ మళ్లీ లైన్‌లోకొచ్చి నిలబడినట్టు అయితది, నిజం బేరింగ్‌లో అట్ల జరగదు. ఇది కరెక్ట్ చేసిన రోజు పై హార్మోనిక్స్ (ఫాల్ట్ ఫ్రీక్వెన్సీకి రెట్లల్ల వచ్చే పీక్స్) అన్నీ అలుక్కుపోయినయి, కోడ్ ఖరాబ్ అయింది అనుకుని సారుకి చూపిస్తే ఇప్పుడే కరెక్ట్‌గా ఉంది పో అన్నడు.

ఇన్నర్ రేస్ కాబట్టి లోడ్ జోన్ మరిచిపోకు. గుంట షాఫ్ట్‌తో పాటు తిరుగుతది, కింద లోడ్ ఉన్న చోటికి వచ్చినప్పుడే గట్టిగా కొడ్తది, పైకి పోతే నీరసం. నా మోటార్ 1440 ఆర్పీఎం, అంటే 24 హెర్ట్జ్, 6205లో 9 బాల్స్, ఇన్నర్ ఫాల్ట్ ఫ్రీక్వెన్సీ షాఫ్ట్ స్పీడ్‌కి 5.415 రెట్లు, కాబట్టి 130 హెర్ట్జ్. దానికి 24 అటూ ఇటూ, అంటే 106, 154 దగ్గర పిల్ల పీక్స్ రావాలె. ఔటర్ (బయటి రింగ్) అయితే 3.585 రెట్లు, 86.

ఆ 1440 కూడా ఊరికే తెలవలేదు. నాలుగు పోల్స్ మోటార్, 50 హెర్ట్జ్ కరెంట్, 1500 అని కళ్లు మూసుకుని వేసిన, పీక్స్ అన్నీ నాలుగు శాతం పక్కకి. రెండు వారాలు ఫార్ములాని తిట్టుకున్న, చివరికి పక్క ల్యాబ్ నుంచి టాకోమీటర్ (స్పీడ్ కొలిచేది) అడుక్కొచ్చి పెడితే తేలింది. ఇంకో కథ ఔటర్ రేస్‌ది. రాణీగంజ్‌ల ప్లాస్టిక్ కేజ్ (బాల్స్‌ని దూరం దూరంగా పట్టి ఉంచేది) ఉన్న బేరింగ్ కొని, కేజ్ లాగేసి, బాల్స్ అన్నీ ఒక పక్కకి నెట్టి రేసులు విడదీసిన, బాలానగర్‌ల స్పార్క్‌తో లోహం చెక్కే మెషిన్ ఆయన దగ్గరికి తీస్కపోతే "కొత్త బేరింగ్‌ని ఎందుకు ఖరాబ్ చేస్తున్నవ్ భాయ్" అని నన్ను పిచ్చోన్ని చూసినట్టు చూసిండు. గుంట అయితే పడింది. ఫిట్ చేసేటప్పుడు ఆ గుంటని నేను పైకి పెట్టిన, లోడ్ ఏమో కిందికి, ఇగ సిగ్నల్ ఎక్కడ వస్తది! బేరింగ్ తిప్పి గుంట కిందికి వచ్చేటట్టు పెట్టంగానే ఎన్వలప్‌లో 86 లేచి కూర్చుంది.

కాంటాక్ట్ ఫోర్స్ (బాల్, రేస్ ఒకదాన్నొకటి నొక్కే బలం) కూడా రాస్తున్నవంటే నొక్కుడుకి 1.5 పవర్ పెట్టు, బాల్‌కీ రేస్‌కీ మధ్య సందు ఉన్నప్పుడు ఫోర్స్ సున్నా, స్ప్రింగ్ లెక్క వెనక్కి గుంజొద్దు. మ్యాట్‌ల్యాబ్‌ల ఓడీఈ45 సాల్వర్‌తో గంటలు పడ్తుంటే ఓడీఈ15ఎస్ ట్రై చెయ్.

సొంతంగా బేరింగ్ ఖరాబ్ చేసే ఓపిక లేకపోతే కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ డేటా ఫ్రీగానే దొరుకుతది, డ్రైవ్ ఎండ్‌లో (మోటార్ షాఫ్ట్ బయటికొచ్చే వైపు) 6205నే. అందులో 1797 ఆర్పీఎం ఫైల్ తీస్కుంటే ఔటర్‌కి 107.4, ఇన్నర్‌కి 162.2 దగ్గర చూడు. ముందు మాత్రం నీ మోటార్ అసలు స్పీడ్ ఎంతో కొలిచి ఇక్కడ రాయి, నేమ్ ప్లేట్ మీదిది కాదు.