పాత పుస్తకానికి నంబరు ఎక్కడ వేయాలి?

ప్రశ్న: మా తాతగారి పుస్తకాలు మా ఊరి గ్రంథాలయానికి ఇచ్చాం. వందేళ్లు దాటిన అచ్చు పుస్తకాలు, మూడు తాటాకు కట్టలు ఉన్నాయి. అన్నిటికీ నంబరు చీటీలు అంటించేద్దామని కమిటీవాళ్లు అంటున్నారు. అంటించవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా. ముందు ఆ గమ్ సీసా పక్కన పెట్టించండి. నేను లైబ్రరీలో చేరిన కొత్తలో ఒక పాత శతకం స్పైన్ (పుస్తకం వీపు) మీద చీటీ అంటించి, ఊడకుండా పైన సెల్లోటేపు కూడా వేశాను. పదేళ్లకు అది పసుపెక్కి బిగుసుకుపోయింది. తీయబోతే స్పైన్ మీది కాగితం, పుస్తకం పేరులో సగం దాంతోపాటే లేచి వచ్చాయి. ఆ పెచ్చును కవర్లో వేసి దాచానే గానీ, మళ్లీ అతికించలేకపోయాను.

అచ్చు పుస్తకాలకు మామూలు డ్యూయీ నంబరే, అంటే లైబ్రరీల్లో విషయాన్ని బట్టి ఇచ్చే నంబరే వేయండి. తెలుగు సాహిత్యానికి 894.827, కవిత్వమైతే చివర 1 చేరి 894.8271. దాని పైన 'అ' అని రాయండి, అరుదైనది అని. ఆ అక్షరం ఉంటే తాళం వేసిన బీరువాలోదని, ఇంటికి ఇవ్వకూడదని ఎవరికైనా తెలుస్తుంది.

ఆసిడ్ లేని మందపాటి కాగితం అంగుళం వెడల్పున కత్తిరించి పేజీల మధ్య పెట్టండి. పైకి కనిపించే కొస మీద నంబరు రాయండి. పట్టీ ఎప్పుడైనా జారిపోవచ్చు కాబట్టి టైటిల్ పేజీ వెనక, కింది మూలన కూడా మెత్తటి పెన్సిలుతో, ఒత్తకుండా రాయాలి. పెన్ను మాత్రం వద్దు. తడి తగిలితే సిరా పాకుతుంది.

తాటాకు కట్టలకు డ్యూయీ కుదరదు. ఒక్కో కట్టలో రెండు మూడు గ్రంథాలుంటాయి, ఏ విషయం కింద వేస్తారు? వరస నంబరే మేలు: తాళ-1, తాళ-2. చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోని ప్రతులను కూడా డి. నంబరు, ఆర్. నంబరు అంటూ అక్కడి కేటలాగు నంబర్లతోనే పరిశోధకులు చెబుతారు. నంబరు రాసిన అట్టముక్కను చుట్టిన గుడ్డ పైతాడుకు నూలుదారంతో కట్టండి. పిన్ను గుచ్చితే తుప్పు పడుతుంది. ఆకు మీద ఏమీ రాయొద్దు.

ఇంకొకటి. మీ తాతగారు తన చేత్తో వేసుకున్న నంబర్లేమైనా ఉంటే చెరపనివ్వకండి. రిజిస్టర్లో 'పాత నంబరు' అని ఒక గడి గీసి, అందులో ఎక్కించమనండి.