ఒక్క క్రియ కోసం

అమ్మా,

మీ నాన్నగారి కాలి పుండు మాన్పడానికి పెట్టిన పంపు యంత్రం (నెగటివ్ ప్రెషర్ థెరపీ అంటారు దాన్ని) గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి చిరాకు పడుతూ, రెండోసారి మూడో పేజీలో ఉన్న ఒక్క వాక్యం కోసం. భాష శుభ్రంగా ఉంది. అంతకంటే పొగడటం నాకు చేతకాదు.

ముందు చిరాకు సంగతి. ‘అద్భుతం’ అనే మాట ఆరుచోట్ల ఉంది. దాన్నైనా క్షమిస్తాను గానీ, "ఈ యంత్రం గాయంలోని చెడు రక్తాన్ని లాగేసి మంచి రక్తాన్ని రప్పిస్తుంది" అన్న వాక్యాన్ని మాత్రం వదలను. వైద్యం గురించి రాసేవాళ్లకు నేను ఎప్పుడూ ఒకటే చెప్తాను: విశేషణాల సంగతి తర్వాత, ముందు క్రియ సరిచూసుకోండి. ఎవరు, దేన్ని, ఏం చేస్తున్నారు? అక్కడ తప్పితే మిగతాదంతా ఎంత అందంగా రాసినా వృథా.

ఒక పని చెయ్యి. గిన్నెలు తోమే స్పాంజ్ ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టు. మూతి దగ్గర స్ట్రా దూర్చి, చుట్టూ టేప్ బిగించి, లోపలి గాలి పీల్చు. కవర్ స్పాంజ్‌కి అతుక్కుపోతుంది. గుప్పెట్లో పెట్టి పిండినట్టు స్పాంజ్ ముడుచుకుపోతుంది. పిండింది నువ్వు కాదు. లోపల గాలి తగ్గేసరికి బయటి గాలి నొక్కింది.

మీ నాన్నగారి కాలి మీద జరిగిందీ ఇదే. పుండు గుంతలో ఫోమ్, అంటే స్పాంజ్ లాంటి ముక్క పెట్టారు, పైన పారదర్శకంగా ఉండే జిగురు షీట్ అతికించారు, దానికి చిన్న కంత చేసి ట్యూబ్ తగిలించారు. పంపు లోపలి ఒత్తిడిని బయటి గాలి కంటే మామూలుగా 125 మిల్లీమీటర్లు (బీపీలాగే పాదరసం లెక్కలో) తగ్గిస్తుంది. బయట 760 ఉంటే లోపల ఇంకా 635 దాకా ఉంటుందన్నమాట. నువ్వు రాసిన ‘శూన్యం’ అక్కడ లేదు. ఫోమ్ ముడుచుకుంటూ తనతోపాటు గాయం అంచులను దగ్గరికి లాక్కుంటుంది. దాని నిండా అర మిల్లీమీటరు అటూ ఇటూగా ఉండే రంధ్రాలు. అడుగున ఉన్న కండ ఆ రంధ్రాల్లోకి బుడిపెలు బుడిపెలుగా ఉబ్బుతుంది. అలా ఉబ్బినప్పుడు కణాలు సాగుతాయి. సాగిన కణం విభజన మొదలుపెడుతుంది, ఎర్రటి కొత్త కండ పట్టడం మొదలవుతుంది. రసిని మాత్రం యంత్రం నిజంగానే పీలుస్తుంది. వాపు దిగుతుంది, పుండు ఎండిపోదు, చిత్తడిగానూ ఉండదు. అంటే రసి విషయంలో నీ క్రియ ఒప్పు, కండ విషయంలో తప్పు.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టే ఇంత పట్టుదల. 1997లో అర్జెంటా, మోరిక్వాస్ అనే ఇద్దరు అమెరికన్లు ఈ పద్ధతి మీద పరిశోధనలు ప్రచురించారు. పందుల మీద చేసిన ప్రయోగాల్లో 125 దగ్గర రక్తప్రసరణ నాలుగింతలైందన్నారు. నేను అది పట్టుకుని ‘రక్తాన్ని లాగే యంత్రం’ అని ఘనంగా రాసేశాను. ఆ తర్వాత కొలిచి చూసినవాళ్లకు ఫోమ్ కింద కండలో ఒత్తిడి తగ్గకపోగా పెరిగినట్టు కనపడింది. రక్తం సంగతి ఇప్పటికీ వాదనలోనే ఉంది. ఒక సర్జన్ నన్ను కూర్చోబెట్టి అడిగాడు: "మీరు చెప్పినట్టు ఇది లాగేదే అయితే, రక్తం సరిగ్గా ఆడని కాలికి చుట్టూ పట్టీలా బిగించి చుట్టెయ్యొచ్చా?" నా దగ్గర జవాబు లేదు. నొక్కేది అని తెలిసినవాడు అలా చుట్టడానికి భయపడతాడు. క్రియ మారితే జాగ్రత్త కూడా మారుతుందని నాకు ఆ రోజు తెలిసింది.

తప్పు దిద్దుకుంటూ మళ్లీ రాశాను. అప్పట్లో ఒక పత్రికలో ఒక ఎడిటర్ ఉండేవాడు, పేరెందుకులే. నా ‘నొక్కుతుంది’ని కొట్టేసి ‘పీల్చుకుంటుంది’ అని పెట్టాడు. పాఠకుడికి వెంటనే అర్థమవుతుందట! రసి, కుళ్ళు అన్న మాటలు కూడా తీసేసి చివర్లో "ఆధునిక విజ్ఞానం సాధించిన అద్భుతం" అని తగిలించాడు. అందుకే నీ ఆరు అద్భుతాలూ చూసి నాకు ఆయన మొహం గుర్తొచ్చింది. నీ తప్పు కాదు అది.

"ఏ గాయమైనా త్వరగా మానుతుంది" అని కూడా రాశావు. ఏ గాయమైనా కాదు. షుగర్ వల్ల పాదంలో కొంత భాగం తీసేసిన 162 మంది మీద జరిగిన పరిశోధన 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 16 వారాల్లో ఈ పద్ధతితో 56 శాతం మందికి, మామూలు తడి డ్రెస్సింగ్‌తో 39 శాతం మందికి గాయం మానింది. తేడా బాగానే ఉంది. కానీ 2020లో ఇంకొకటి వచ్చింది. కాలు విరిగి ఆపరేషన్ అయినవాళ్ల కుట్ల మీద ఇదే పెట్టి చూస్తే, లోతైన ఇన్‌ఫెక్షన్ విషయంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఇక చచ్చిన కండ తీయకుండా, ఎముకలో ఇన్‌ఫెక్షన్‌కి వైద్యం చేయకుండా, క్యాన్సర్ ఉన్న పుండు మీదా దీన్ని పెట్టకూడదు. ట్యూబ్‌లో ఎర్రటి రక్తం కనపడితే వెంటనే ఆపాలి. ఈ ‘కూడదు’లు ఒక్కటీ నీ వ్యాసంలో లేవు.

ఇప్పుడు ఆ మూడో పేజీ వాక్యం. "డ్రెస్సింగ్ మార్చేటప్పుడు నర్సు తీసిన స్పాంజ్ ముక్కలు లెక్కపెట్టుకుంది." అంతే రాసి, మళ్లీ విజ్ఞానం మీద పడ్డావు. నీ వ్యాసమంతా అక్కడుంది తల్లీ! ఎందుకు లెక్కపెట్టింది? పుండుకి సందులుంటే ఫోమ్‌ని ముక్కలుగా కోసి పెడతారు, ఎన్ని పెట్టారో రాసుకుంటారు. రెండు మూడు రోజులు దాటితే కొత్త కండ ఆ రంధ్రాల్లోకి అల్లుకుపోతుంది. అందుకే 48 నుంచి 72 గంటలకోసారి మారుస్తారు. అందుకే తీసేటప్పుడు అంత నొప్పి. సెలైన్ పోసి కాసేపు నానబెట్టి తీస్తే కొంత నయం. ఒక్క ముక్క లోపల ఉండిపోయినా ఇన్‌ఫెక్షన్. గాయాన్ని మాన్పే గుణమే ముక్కని దాచేసే గుణం కూడా. ఈ ముడి నీ కళ్లెదురుగా ఉంటే, నువ్వు పంపు మోడల్ గురించి అర పేజీ రాశావు.

కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకు పంపాలి అని ఏవేవో అడిగావు. అవి తర్వాత చూద్దాం.

అన్నట్టు, ఆ రోజు నర్సు లెక్క ఎంత దగ్గర ఆగింది? పెట్టినన్నీ వచ్చాయా? అప్పుడు మీ నాన్నగారు ఎటు చూస్తున్నారు? అది రాసి పంపు.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన